కృత్రిమ మేధ: రాబడియు, పనిపాటలును

మన సంఘ సమావేశములలో నేడు రెండు ప్రశ్నలు తరచుగా వినవచ్చుచున్నవి. కృత్రిమ మేధ యను నీ క్రొత్త సాధనమువలన దేశమునకును, కమతమునకును రాబడి పెరుగునా యనునది మొదటిది. ఇంజనీరింగు చదువుచున్న మన బిడ్డలకు పని దొరకునా, దొరకదా యనునది రెండవది. మొదటి ప్రశ్నను నలుగురిలో బిగ్గరగా అడుగుదురు. రెండవదానిని అప్పు దరఖాస్తు చేతబట్టుకొని, గొంతు తగ్గించి అడుగుదురు. ఎకరము తాకట్టుపెట్టి కుమారునో, కుమార్తెనో చదివించువారికి ఇది వేడుకకు వేయు ప్రశ్న కాదు. కావున ఈ నెల ఎరువుల పాఠమును వాయిదావేసి, ఈ విషయమునే సభ్యుల ముందుంచుచున్నాను.

ఈ యంత్రము పనిచేయు తీరు

మిరపకొట్టులో ముప్పది యేండ్లు పనిచేసిన గుమాస్తాను మీరు చూచియుందురు. టిక్కీలో చేయిపెట్టి పిడికెడు కాయలు తీయును, రంగు చూచును, ఒక కాయను విరుచును, పిడికిలి చెవియొద్ద గలగలలాడించును. తేమ యింత, తాలు యింత, ధర యింత యని వెంటనే చెప్పును. ఈ విద్యను అతనికి సూత్రములుగా ఎవరును నేర్పలేదు. వేలకొలది టిక్కీలు చూడగా చూడగా అబ్బిన విద్య యది. కృత్రిమ మేధయు అట్టిదే. కంప్యూటరుకు లక్షలకొలది ఛాయాచిత్రములు చూపుదురు. ఇది తాలు, ఇది మేలిరకము, ఇది పురుగు కొట్టిన ఆకు, ఇది ఆరోగ్యమైన ఆకు అని ప్రతి చిత్రమునకును మనుష్యులే ముందుగా పేరు వ్రాసియిత్తురు. యంత్రము ఆ చిత్రములలోని పోలికలను లెక్కలుగా మార్చుకొని, క్రొత్త చిత్రము చూపినప్పుడు దేనికి దగ్గరగా నున్నదో చెప్పును. మాటలు వ్రాయు యంత్రమును ఇట్లే తయారయినది. మనుష్యులు వ్రాసిన అపారమైన వ్రాతలను దానికి చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశమున్నదో నేర్పించిరి.

ఈ పేరు క్రొత్తది కాదు. 1955లో జాన్ మెకార్తీ మొదలగు అమెరికా పండితులు ఒక ప్రతిపాదనలో దీనిని వాడిరి. మరుసటి సంవత్సరము వేసవిలో డార్ట్‌మత్ కళాశాలయందు ఆ విషయమై కూడిరి. ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా అది పండితుల గదులలోనే యుండెను. 2012 ప్రాంతమున చిత్రములను గుర్తించుటయందు గొప్ప ముందడుగు పడినది. 2022 నవంబరులో చాట్ జి.పి.టి. అను మాటలాడు యంత్రము అందరికిని అందుబాటులోనికి వచ్చినది. అప్పటినుండి మన యిండ్లలోని సెల్‌ఫోనులలోనికిని ఈ విద్య ప్రవేశించినది.

దీని బలమును, బలహీనతయును ఒక్కచోటనే యున్నవి. చూచినదానిని చక్కగా గుర్తించును; ఎన్నడును చూడనిదానియెదుట తడబడును. మిరప పండించువారికి పైముడత, క్రిందిముడత తెలిసినవే. ఆకు అంచులు పైకి ముడుచుకొన్నచో తామరపురుగు, క్రిందికి ముడుచుకొన్నచో నల్లి యని గుర్తింతుము. వేయి చిత్రములు చూపిన పిమ్మట యంత్రమును ఈ భేదమును చెప్పగలదు. అయితే 2021లో మన మిరపతోటలలో జరిగినదేమి? గుంటూరు, ఖమ్మము, వరంగల్లు ప్రాంతముల తోటలపై నల్ల తామరపురుగు విరుచుకుపడెను. అది ఆకులకంటె పూలలోనే గుంపులుగా చేరెను, పూత రాలిపోయెను. పాత తామరపురుగునకు కొట్టు మందులు దానిపై సరిగా పనిచేయలేదు. మాటిమాటికి కొట్టినకొలది మిత్రపురుగులు చచ్చి కీడు హెచ్చెను. ఆ పురుగు మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై కనబడినదేగాని, మిరపపై ఈ రూపమున పూర్వము లేదు. అప్పటికి పూర్వపు చిత్రములతో శిక్షణ పొందిన యంత్రమునకు ఆ పురుగును చూపినచో పాత పేర్లలో ఏదో యొకటి చెప్పియుండెడిది. అదియు మిక్కిలి ధైర్యముగా చెప్పియుండెడిది. పూవును విప్పి చూచి, ఇది మన పురుగు కాదని మొదట అనుమానించినది రైతే. 2024 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించినది. ఫోనుతో చిత్రము తీసి పంపినచో పురుగును గుర్తించు ఏర్పాటు అందు కలదు. దానిని వాడుకొనుడు, కాని పూవు విప్పి చూచుట మానకుడు.

రాబడి సంగతి

మనకు దగ్గరలో జరిగిన రెండు పనులనుబట్టి రాబడి విషయము తేల్చుకొనవచ్చును.

మొదటిది కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 2016లో జరిగినది. హైదరాబాదు చేరువనున్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థయు, మైక్రోసాఫ్ట్ కంపెనీయు కలిసి 175 మంది వేరుశెనగ రైతులకు విత్తు అదునును గూర్చి సెల్‌ఫోను సందేశములు పంపిరి. ఖరీదైన ఫోను అక్కరలేదు. సందేశములు తెలుగులోనే వచ్చినవి. ఆ ప్రాంతపు 1986 మొదలు 2015 వరకు గల ముప్పది యేండ్ల వాతావరణ లెక్కలనుబట్టి, నేలలో తేమ నిలుచు వారమేదో యంత్రము లెక్కగట్టినది. వాడుక ప్రకారము రైతులు జూను మొదటి వారమున, మృగశిర చొచ్చునప్పటికే విత్తువారు. సందేశము మాత్రము ఆగుమని చెప్పినది. జూను నాలుగవ వారమున, ఆరుద్రలో, విత్తుమన్నది. ఆగినవారికి ఎకరపు దిగుబడి సుమారు 30 శాతము హెచ్చుగా వచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి.

ఇందు మాయ లేదు. తొలకరి చినుకునకు ఆశపడి విత్తిన గింజ మొలచి, పదునైదు దినముల బెట్టకు మాడుట ఎర్రనేల రైతునకు తెలియని సంగతి కాదు. ముప్పది యేండ్ల వానలను ఒక్క తలలో పెట్టుకొనుట మనుష్యునకు కష్టము; యంత్రమునకు సులభము. అంతియే. అయితే అది 175 మంది పొలములలో, ఒక్క యేట కనబడిన ఫలితమని మరువరాదు. జూను వానలు నిలుకడగా కురిసిన యేట ముందు విత్తినవాడే మేలుపొందును.

దీనిని పోలిన పనియే 2025లో మిక్కిలి పెద్దయెత్తున జరిగినది. కేంద్ర వ్యవసాయ శాఖవారు 13 రాష్ట్రములలో సుమారు 3 కోట్ల 80 లక్షల మంది రైతులకు, ఋతుపవనముల రాకను గూర్చి కృత్రిమ మేధతో సిద్ధపరచిన సూచనలను, నాలుగు వారముల ముందువరకు ఫోను సందేశములుగా పంపిరి. నడుమ ఋతుపవనము ముందుకు సాగక ఆగునన్న సంగతియు ముందే తెలిపిరి. ఈ సూచనకు రైతు పైసా చెల్లించలేదు. ఇట్టి దానిని నేను అన్నిటికంటె మేలైనదిగా ఎంచుచున్నాను. ఏలయన వానసూచన ఒకని కిచ్చినందున మరియొకనికి తరుగదు. గొప్ప కమతముగలవానికిని, రెండెకరముల కౌలుదారునకును ఒకే ధరకు, అనగా ఉచితముగా, అందినది.

రెండవది ఖమ్మము మిరప రైతులలో జరిగిన సాగుబాగు అను కార్యక్రమము. తెలంగాణ ప్రభుత్వము ప్రపంచ ఆర్థిక వేదికతో కలిసి దీనిని చేపట్టగా, డిజిటల్ గ్రీన్ అను సంస్థ నడపినది. 7,000 మంది రైతులు చేరిరి. ఫోనులో సలహా, యంత్రముతో మట్టిపరీక్ష, కాయ నాణ్యమును కెమెరాతో నిర్ణయించుట, కొనువారిని అమ్మువారిని కలుపుట, ఇవి నాలుగును అందులో కలవు. ఎకరపు దిగుబడి 21 శాతము పెరిగినదనియు, పురుగుమందుల వాడకము 9 శాతము, ఎరువుల వాడకము 5 శాతము తగ్గినవనియు, ధర 8 శాతము మెరుగయినదనియు ప్రకటించిరి. ఫలితము మంచిదే. కాని ఒక ప్రదర్శకునిగా నాకు తోచు సంశయమును దాచను. మట్టిపరీక్ష చేయించి దాని ప్రకారము ఎరువు వేసినవానికి యంత్రమేధ లేకున్నను కొంత మేలు కలుగును. నాలుగు మందులు కలిపి త్రాగినవాడు ఏ మందువలన జ్వరము తగ్గినదో చెప్పలేడు. ఫలితమంతయు యంత్రమునకే కట్టబెట్టి దానిని అమ్మవచ్చువారితో ఈ మాట చెప్పుడు.

ఇక దేశముల సంగతి. 2023లో గోల్డ్‌మన్ శాక్స్ అను అమెరికా పెట్టుబడి సంస్థవారు, పదేండ్లలో ఈ సాధనమువలన ప్రపంచపు ఉత్పత్తి 7 శాతము అదనముగా పెరుగునని అంచనా కట్టిరి. 2024లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఒకరైన డారన్ అసెమోగ్లు గారు అదే సంవత్సరము మరియొక లెక్క వేసిరి. పదేండ్లలో ఆదాయకరముగా ఈ యంత్రమునకు అప్పగింపదగిన పనులు మొత్తము పనులలో 5 శాతమునకు మించవనియు, కావున అమెరికాలో ఉత్పాదకత పదేండ్లకు కలిసి 0.66 శాతమునకు మించి పెరుగదనియు వారి వాదము. ఈ రెండు కొలతలు సరిగా ఒకటి కావు. అయినను భేదమెంతయో గ్రహించుటకు నూరు బస్తాలు పండు చేనును తలపోయుడు. మొదటివారి లెక్కకు పదేండ్లకు ఏడు బస్తాలు అదనము. రెండవవారి లెక్కకు ఒక బస్తాలో మూడింట రెండు పాళ్లు. చదువుకొన్న పెద్దలలోనే ఇంత భేదమున్నప్పుడు, పత్రికలో కనబడు ప్రతి పెద్ద అంకెకును మన మనస్సు ఊగిపోవలసిన పని లేదు.

అసలు క్రొత్త సాధనము వచ్చిన దినముననే పంట రాదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. కట్టడము ముగిసిన మరునాడే డెల్టా పచ్చబడలేదు. ప్రధాన కాలువలు, పిల్లకాలువలు, బోదెలు త్రవ్వి, నేల చదునుచేసి, నీటివంతులు ఏర్పరచి, రైతు మెట్టపైరును విడిచి వరికి అలవాటుపడుటకు ఏండ్లు పట్టినది. విద్యుచ్ఛక్తియు అంతే. ఎడిసన్ గారు న్యూయార్కులో విద్యుత్కేంద్రమును 1882లో నెలకొల్పిరి. అమెరికా కర్మాగారములలో దానివలని ఉత్పాదకత లెక్కలకెక్కినది 1920 తరువాతనే. ఆవిరియంత్రము చుట్టును కట్టిన పాత భవనములను, పాత పనిపద్ధతులను మార్చువరకు మోటారు ఉండియు ఫలము లేకపోయెను. కంప్యూటర్లు అంతటను కనబడుచున్నవిగాని ఉత్పాదకత లెక్కలలో మాత్రము కనబడవని 1987లో రాబర్ట్ సోలో గారు ఆక్షేపించుటకును కారణమిదియే. ఆనకట్ట కంపెనీలవారు కట్టుచున్నారు. బోదె త్రవ్వవలసినది మనము. త్రవ్వనిచో నీరు ఎగువ రైతునకే చాలును.

పోయిన పని ఒకరిది, వచ్చిన పని మరియొకరిది

ఉద్యోగములను గూర్చి చెప్పబోవుటకు ముందు మన జిల్లాలలోనే జరిగిన ఒక పాత సంగతిని తలచుకొనవలెను. గడచిన శతాబ్దపు మొదటి భాగమున గోదావరి, కృష్ణా డెల్టాలలో బియ్యపు మరలు వెలసినవి. అంతకు పూర్వము ఊరి వడ్లు ఊరనే దంచువారు. రోకటిపోటు పేదయింటి ఆడువారికి కూలి. దంచిన బియ్యములో కొంతయు, నూకలు, తవుడును వారికి ముట్టెడివి. వాని మీద ఒక గేదెయో, నాలుగు కోళ్లో బ్రదికెడివి. మర వచ్చిన తరువాత దేశపు రాబడి పెరిగినది. డెల్టా బియ్యము రైలెక్కి దూరపు పట్టణములకు పోయినది. మరలయందు డ్రైవర్లు, ఫిట్టర్లు, గుమాస్తాలు, బస్తాలు మోయువారు ఏర్పడిరి. ఎన్ని పనులు పోయినవి, ఎన్ని వచ్చినవి యని మొత్తము లెక్క తీసినచో నష్టము లేదని వాదింపవచ్చును. కాని రోకలి విడిచిన విధవరాలు ఫిట్టరు కాలేదు. ఆమె కూలి పోయిన సంవత్సరము ఒకటి; మరియొకరి కుమారునకు మరలో పని దొరికిన సంవత్సరము మరియొకటి. తవుడును మరగాని కొట్టులో సొమ్ము పెట్టి కొనుక్కొనవలసి వచ్చినది.

మరియొక నష్టము ఏ లెక్కకును ఎక్కలేదు. ఉప్పుడుబియ్యము తినని ఉత్తర సర్కారు జిల్లాలలో, మరలో తెల్లగా పాలిషుపట్టిన పచ్చిబియ్యమే ఆహారమైనవారిలో బెరిబెరి వ్యాధి ప్రబలముగా నుండెను. తవుడుతోపాటు పోయిన బి-విటమినే కారణమని వైద్యశాస్త్రము తేల్చినది. బియ్యము తెల్లగానున్నది, ధరయు ఎక్కువ పలికినది, వర్తకపు లెక్కలో అది అభివృద్ధియే. 1934లో గాంధీగారి ప్రేరణచే వార్ధాలో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును గూర్చి అంతగా ప్రచారము చేయుటకు ఇదియు ఒక హేతువు.

ఇక నేటి సంగతి. 2024 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ, ప్రపంచపు ఉద్యోగములలో సుమారు 40 శాతము కృత్రిమ మేధ ప్రభావమునకు లోబడునని ప్రకటించినది. ధనిక దేశములలో ఇది 60 శాతము. బీదదేశములలో 26 శాతము. ప్రభావమునకు లోబడుట అనగా పోవుట కాదు. కొందరికి యంత్రము తోడగును, కొందరి స్థానమున తానే కూర్చుండును. బీదదేశములలో శాతము తక్కువగుటకు కారణము స్పష్టమే. ఈ యంత్రము చదువును, వ్రాయును, లెక్కగట్టును. కాని నాటువేయదు, కలుపుతీయదు, మిరపకాయ కోయదు. కోతకూలి పనులను తగ్గించినది వరికోత యంత్రము. అది కృత్రిమ మేధ కాదు. కావున ఈ పర్యాయము దెబ్బ మొదట తగులునది పొలములో వంగి పనిచేయువానికి గాదు, చల్లని గదిలో కుర్చీపై కూర్చున్నవానికి. మన పెద్దలు ఏ పని తప్పించుకొనుటకు పిల్లలను చదివించిరో ఆ పని నిలిచినది. ఏ పనికొరకు చదివించిరో అది కదలుచున్నది.

ఒక పరిశీలనను చూడుడు. ఫోనులో కొనుగోలుదారుల సందేహములు తీర్చు 5,179 మంది ఉద్యోగులకు కృత్రిమ మేధను తోడుగా ఇచ్చి, అమెరికా పండితులు ఫలితమును లెక్కించి 2023లో ప్రకటించిరి. వారిలో ఎక్కువమంది ఫిలిప్పైన్సు దేశీయులు. గంటకు పరిష్కరించు ఫిర్యాదులు సగటున 14 శాతము పెరిగినవి. క్రొత్తగా చేరినవారికి 34 శాతము పెరిగినవి. ఆరితేరినవారికి లాభము స్వల్పము. అనగా ముప్పది యేండ్ల గుమాస్తా విద్యను యంత్రము గ్రహించి, నిన్న చేరిన కుర్రవానికి పంచినది. వినుటకు ఇది క్రొత్తవారికి శుభవార్తవలె తోచును. అయితే 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు అమెరికా జీతపు పట్టికలు పరిశీలించి మరియొక మాట చెప్పిరి. సాఫ్ట్‌వేరు రచన, ఫోను సేవవంటి, ఈ యంత్రము మిక్కిలి సోకు పనులలో 22 మొదలు 25 యేండ్ల వయస్సుగలవారి ఉద్యోగములు, ఇతరులతో పోల్చగా 13 శాతము తగ్గినవి. అవే పనులలో అనుభవముగల పెద్దవారి ఉద్యోగములు తగ్గలేదు. వడ్డీరేట్లు మొదలగు ఇతర కారణములును ఉండవచ్చునని వాదించువారు కలరు. మన దేశమున టి.సి.ఎస్. కంపెనీ 2025 జూలైలో తన సిబ్బందిలో 2 శాతమును, అనగా 12,000 మందికి పైగా, తగ్గింతునని ప్రకటించినది. దానికి కృత్రిమ మేధ కారణము కాదనియే కంపెనీ చెప్పినది.

ఈ రెండు పరిశీలనలు ఒకదాని నొకటి ఖండించుకొనవు. ఇద్దరు క్రొత్తవారు యంత్రపు తోడుతో ముగ్గురి పని చేసినచో, మూడవవానిని పిలువ నక్కరలేదు. నిచ్చెన మొదటి మెట్టే ఇరుకగుచున్నది. మన దేశమున పనిచేయువారిలో సుమారు 46 శాతము ఇంకను వ్యవసాయమునందే యున్నారు; దేశపు రాబడిలో వ్యవసాయపు పాలు మాత్రము 18 శాతము ప్రాంతము. పొలమునుండి కుర్చీకి పోవు దారి మనకు మొదటినుండియు సన్ననిదే. పై మెట్లు ఎంత గట్టిగానున్నను మొదటి మెట్టు లేనివాడు ఎక్కలేడు.

అందుచేత చదువు మాన్పింపుమని నేను చెప్పుటలేదు. చదువుకొన్నవారికే ఈ యంత్రము తోడగును. కాని కళాశాలవారు పాత చదువుకు కృత్రిమ మేధ యను పేరు తగిలించి రుసుము హెచ్చించినచో, ఆ పేరు చూచి ఎకరము తాకట్టుపెట్టుట వివేకము కాదు. గడచిన రెండేండ్లలో అక్కడ చదివినవారిలో ఎందరికి, ఎక్కడ, ఎంత జీతమునకు పని దొరికినదో వ్రాతమూలకముగా అడుగుడు. ఆ పిల్లలలో ఇద్దరితో స్వయముగా మాటలాడుడు. భూమి తాకట్టు లేకుండ 7 లక్షల 50 వేల రూపాయలవరకు బ్యాంకులు విద్యార్థిఋణము లిచ్చుటకు కేంద్రప్రభుత్వపు హామీ పథకము 2015 నుండి కలదు. అది అడుగక సంఘమునకో, వడ్డీవ్యాపారికో భూమి వ్రాసియిచ్చువారిని చూచినప్పుడు నాకు మిక్కిలి విచారము కలుగుచున్నది. ఏ చదువు మేలు అని నన్నడిగినచో, చేతిపనియు తలపనియు కలిసిన చదువు మేలని నాకు తోచుచున్నది. పశువైద్యము, నర్సింగు, విద్యుత్తు పని, యంత్రముల మరమ్మతు మొదలగునవి. యంత్రము గేదెకు ఏ మందు వేయవలెనో చెప్పవచ్చును. గేదెను పట్టుకొని సూది వేయువాడు కావలయును గదా!

విశాఖపట్టణమున 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ ప్రకటించిన గొప్ప కేంద్రమును గూర్చియు సభ్యులు అడుగుచున్నారు. అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, మొదట ఒక గిగావాటు ప్రమాణము అని ప్రకటన. ఒక గిగావాటనగా పదిలక్షల కిలోవాట్లు. అయిదు గుర్రపుశక్తి పంపుసెట్లు సుమారు 2 లక్షల 68 వేలు ఒక్కసారిగా తిరుగుటకు అంత విద్యుత్తు పట్టును. కంప్యూటర్లను చల్లబరచుటకు నీరో, మరింత విద్యుత్తో కావలెను. ఇట్టి కేంద్రములు కట్టునప్పుడు పని హెచ్చుగా నుండును. కట్టిన తరువాత, పెట్టిన సొమ్ముతో పోల్చగా, కాపున నుండువారు కొలదిమందియే. దానిచుట్టును ఇతర పరిశ్రమలు చేరినచో మేలు కలుగవచ్చును. రాష్ట్రపు రాబడి లెక్కలో పెట్టుబడి అంకె కనబడును. నీళ్లవంతు, కరెంటువంతు అంకెలను మనమే అడిగి తెలిసికొనవలెను.

సంఘము చేయదగినది

తూకపురాయి ఎవరిచేతిలో నుండవలెను అను తగవు మనకు క్రొత్తది కాదు. వర్తకుని కాటా, వర్తకుని రాళ్లు, వర్తకుని తరుగు! ఆ బాధ పోగొట్టుటకే 1933లో మద్రాసు రాజధానిలో వాణిజ్యపు పంటల మార్కెట్ చట్టము చేసిరి. నేడు కాయ నాణ్యమును కెమెరా నిర్ణయింపబోవుచున్నది. కొనువాడే ఆ కెమెరాను తెచ్చి, కొనువాడే దానికి ఏది తాలు, ఏది మేలు అని నేర్పినచో, అది పాత కాటాకు క్రొత్త ముసుగు. పదిమంది రైతుల మచ్చులను సంఘపు పరికరముతోను, కొనువాని పరికరముతోను రెండుమార్లు పరీక్షింపజేసి, భేదమున్నచో తగవు తీర్చు పద్ధతిని ముందే వ్రాసికొనవలెను. ఒక్క రైతు అడిగినచో వర్తకుడు నవ్వును. నాలుగువందల సభ్యులుగల సంఘము అడిగినచో నవ్వడు.

మన పొలముల వివరములును సొత్తే. నేల, విత్తనము, దిగుబడి, అప్పు, అమ్మిన ధర, ఇవన్నియు ఫోనులోని సలహాదారుకు మనము ఊరక చెప్పుచున్నాము. వానితోనే అతడు తన యంత్రమును పెంచుకొనుచున్నాడు. వ్యక్తిగత వివరములను, కొన్ని మినహాయింపులు తప్ప, అనుమతి లేక వాడరాదని 2023లో పార్లమెంటు చట్టము చేసినది. అనుమతి యనగా మనము చదువక నొక్కు మీటయే. ఇకమీదట ఏ కంపెనీయైనను సభ్యుల వివరములు కోరినచో, ఏ పనికొరకు, ఎంతకాలము, ఎవరికి అమ్ముదురు అను మూడు మాటలను తెలుగులో వ్రాసియిచ్చినగాని సంఘము ఒప్పుకొనరాదు.

2022లో కేంద్రప్రభుత్వము దేశమున 63,000 ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి మార్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరుచేసినది. ఈ మార్పు పూర్తియైన చోట చిట్టా వ్రాయుట, వడ్డీ కట్టుట, నోటీసులు సిద్ధపరచుట యంత్రము చేయగలదు. అప్పుడు గుమాస్తాను తీసివేయవలెనా? తీసివేయరాదని నా గట్టి యభిప్రాయము. మిగిలిన అతని దినములను పొలముల మీదికి పంపుడు. యంత్రము చెప్పిన సలహా ఏ పొలములో పనిచేసినది, ఏ పొలములో తప్పినది యని వ్రాసికొని వచ్చువాడు నేడు ఏ సంఘమునను లేడు. మీటలు నొక్కరాని వృద్ధ సభ్యునకును, కౌలుదారైన ఆడుకూతురునకును ఫోనులోని మాటను చదివి చెప్పువాడును అతడే కావలెను.

ఇక సలహాను పరీక్షించు విధము. మేము ప్రదర్శన క్షేత్రములలో చేయు పద్ధతియే ఇందులకు చాలును. ఒకే చేనిలో, ఒకే తీరు నేలలో, ప్రక్కప్రక్కన రెండు అరయెకరములు గుర్తించుడు. విత్తనము, ఎరువు, సేద్యము రెంటికిని సమానముగా నుండవలెను. ఒకదానిలో విత్తు అదునుగాని, మందుగాని ఫోను చెప్పినట్లు చేయుడు. రెండవదానిలో మీ అనుభవము చెప్పినట్లు చేయుడు. మార్చు అంశము ఒక్కటే కావలెను. రెండు మూడు అంశములు ఒక్కసారి మార్చినచో ఏమియు తేలదు. ఊరిలో అయిదుగురు సభ్యులైన చేయవలెను. ఒక్క చేను ఫలితము జూదమువంటిది. పుస్తకమున ఆరు గళ్లు చాలును: విత్తిన తేది, కురిసిన వానలు, ఫోను సలహా, వేసిన మందు, దాని ఖర్చు, కాటాపై తూచిన దిగుబడి. కండ్లతో చూచి వ్రాసిన దిగుబడి పనికిరాదు. మూడు సంవత్సరముల పుస్తకము చేతనుండగా సలహాదారు కంపెనీవారు చందా అడుగవచ్చినచో, ఎంత యియ్యదగునో ఆ గళ్లు చూచి సంఘము బేరమాడవచ్చును.